పన్నెండు గంటలకి అక్కడుండాలి

వదినగారూ, ఒక్క నిమిషం ఇలా గోడ దగ్గరకి రండి. సంక్రాంతికి ఊరెళ్లడం లేదటగా? మంచి పని చేశారు. ఊళ్లో సగం జనం విజయవాడ రోడ్డెక్కేస్తారు. మిగిలిన మనకి హైదరాబాదంతా ఖాళీ! ఇలాంటప్పుడు కూడా పిల్లల్ని ఆ మాల్‌కే తీసుకెళ్తానంటే మీతో మాట్లాడను.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. చిన్నప్పుడు చూశానంటారా? స్కూలువాళ్లు వరసలో తోసుకుపోతుంటే ముందువాడి వీపు తప్ప ఏం చూశారు? ఈసారి పదకొండున్నరకే గడియారం ముందు చోటు పట్టుకోండి. కర్చీఫ్ వేసినా తప్పు లేదు, ఆర్టీసీ బస్సుల్లో మనకి అలవాటేగా.

కుక్ అండ్ కెల్వీ వారి గడియారం అది. గంట కాబోతుండగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మొకటి బయటికొస్తుంది. టంగుటంగుమని కొట్టి లోపలికి పోతుంది. పక్కనే కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. దానికి సంక్రాంతి సెలవు కూడా లేదు పాపం. ఇంతకీ జరిగేది ఇంతే! దీనికోసం అంతమంది మెడలు సాచి, ఊపిరి బిగబట్టి చూస్తారు. చేతిలో ఫోనుంది, టైము తెలియక కాదు కదా! ఒంటిగంటకి వెళ్తే ఒక్క దెబ్బే. పన్నెండుకైతే పన్నెండు. టికెట్ డబ్బులు గిట్టాలా వద్దా?

ముసుగు రెబెకా విగ్రహం సరేసరి, అందరూ చూస్తారు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం మీది పల్చటి మేలిముసుగు కూడా పాలరాయే అంటే పిల్లలు ఓ పట్టాన నమ్మరు. కాస్త పక్కనుంచి చూపించండి.

మిగతా సామానంతా చాలామటుకు మూడో సాలార్‌జంగ్ పోగుచేసిందే. ఆయన పెళ్లి చేసుకోలేదు. అదీ సంగతి! రోజుకో బండెడు పింగాణీ ఇంటికొస్తే నేనైతే గేటు దగ్గరే ఆపేసేదాన్ని.

గోల్కొండకి మాత్రం జట్టుగా వెళ్లాలి. ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. శత్రువు వస్తే పైవాళ్లకి కబురందడానికి ఆ ఏర్పాటు. ఇప్పుడు శత్రువుల్లేరు, చప్పట్లు మాత్రం తెరిపి లేకుండా మోగుతుంటాయి. ఏ చప్పట్లు ఎవరివో పైనున్నవాళ్లకి ఎలా తెలుస్తుందని అడక్కండి. మావే అనుకోవడంలోనే ఉంది సరదా. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఆ కింది ఉద్యోగం ఇచ్చేయండి. మా అత్తగారు సంతోషంగా ఒప్పుకుంటారు.

సాయంత్రం నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైన సంత, ఇప్పటికీ మామూలుగా జనవరి ఒకటిన తెరుస్తారు. లక్నో చికన్ కుర్తాలు, కాశ్మీరు శాలువాలు, బొమ్మ రైలు, జెయింట్ వీల్, మిర్చి బజ్జీలు. ఏమీ కొననని ఒట్టేసుకునే వెళ్తాం. వచ్చేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండవు. కూరగాయలు తరిగే ఆ ప్లాస్టిక్ పరికరం ఉంది చూశారూ? అమ్మేవాడి చేతిలో ఉల్లిపాయ ఎంత ముద్దుగా తెగుతుందో! మనింటికొచ్చాక దానికేమవుతుందో ఏమో గానీ, ఏడాదికొకటి కొంటూనే ఉన్నాను.

అన్నట్టు, ఎప్పుడు వెళ్తున్నారు? శుక్రవారం వద్దు, మ్యూజియానికి సెలవు. పిల్లలు జూ పార్కు కూడా అంటే, దాన్ని సోమవారం మూస్తారు. మంగళవారమైతే అన్నయ్యగారికి ఆఫీసుందంటారా? ఉండనివ్వండి. ఆయన లేకపోతే గడియారం దగ్గర ఒక కుర్చీ మిగులుతుంది. నేనూ వస్తాను.