చెయ్యి

2021 ఆగస్టు 3, మంగళవారం. ఎర్రగుంట్ల

అమెరికాలో బేస్‌బాల్ ఆడే కుమార్ రాకర్‌ను న్యూయార్క్ మెట్స్ జట్టు వాళ్లు వద్దనుకున్నారు. జట్లు కొత్తోళ్లను ఎంచుకునే జూలై డ్రాఫ్ట్‌లో పదో పేరు వాడిది. 60 లక్షల డాలర్లన్నారు. వైద్య పరీక్షల కాగితాలు చూసినాక వెనక్కి తగ్గినారు. సంతకం గడువు దాటిపోయింది.

వాళ్లమ్మ లలిత తెలుగామె అని మొదట చూడబట్టినా. ఇప్పుడు ఆ సంగతి గుర్తుకే రాదు. 2019లో డ్యూక్ కాలేజీ జట్టు మీద 19 మందిని స్ట్రైకౌట్ చేసినాడు, ఒక్క హిట్టూ ఇయ్యలేదు. ఆ వీడియో రాత్రి మళ్లీ పెట్టుకున్నా. అదే చెయ్యి కదా...

నా భుజం స్కానింగ్ కవరు బీరువా మీదనే ఉంది. కాగితం చదివేటోళ్లు బంతి పడేది కూడా చూడొచ్చు కదా?

2021 అక్టోబరు 19

చెయ్యి చెవి దాంక లేవడంల్యా. అమ్మ తల దువ్వింది. ఇంత పెద్దోణ్ణి. కదలకుండా కూర్చున్నా.

2022 జూలై 18, సోమవారం

ఈసారి డ్రాఫ్ట్‌లో కుమార్‌ది మూడో పేరు! టెక్సస్ రేంజర్స్!

నిరుడు సెప్టెంబరులోనే భుజానికి ఆపరేషన్ అయిందంట. ఇప్పుడు బయటపెట్టినారు. నయమైనాక ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌కు ఆడినాడు. చిన్న లీగు. కాలేజీ వరల్డ్ సిరీస్‌లో మేటి ఆటగాడనిపించుకున్నోడు అక్కడికి దిగి బంతి వేసినాడు. నా చెయ్యి మీరే చూసుకోండి అన్నట్టు.

నన్నూ క్రికెట్‌లో బంతి వేయను పిలుస్తానే ఉన్నారు ప్రొద్దుటూరోళ్లు. నొప్పి ఉందంటా. ఉందా?

2023 మే 28, ఆదివారం

ఎండ. బండల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గరే కాస్త చల్లన, నీళ్లు పడతాంటాయి కాబట్టి. బండ ఎత్తే పని నాకు చెప్పరు. లెక్కలు రాస్తాండా.

కుమార్‌కు ఇప్పుడు మోచెయ్యి. టామీ జాన్ ఆపరేషన్. చెడిన లిగమెంటు చోట ఇంకో చోటి టెండన్ తెచ్చి కుడతారు. ఏడాదికి పైనే ఆట లేదు. మొన్న భుజం, ఇప్పుడిది. ఎంతకని ఓర్చుకుంటాడు మనిషి? గంటకు 150 కిలోమీటర్లు దాటించి విసిరేదానికి మనిషి చెయ్యి పుట్టలేదేమో. ఈ మాటే నాయనంటే మాత్రం కొట్లాడతా.

2024 సెప్టెంబరు 13, శుక్రవారం

మనకు పొద్దున, సియాటిల్‌లో. మేజర్ లీగ్‌లో కుమార్‌కు మొదటి మ్యాచ్. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు, ఇచ్చింది ఒక్క పరుగు. ఆ స్లైడరు! బ్యాటు దగ్గరికొచ్చి కిందికి జారిపోతాంది. ఫోన్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పినానో.

నాయన వెనకాల నిలబడినాడు. ‘ఎవురబ్బీ వాడు?’

‘వాళ్లమ్మ మనామె, నాయనా.’

ఆటేందని అడిగినాడు. చెప్పినా. ఫ్యాక్టరీకి పొద్దుపోయేంత సేపు చెప్పినా. నా భుజం మాట ఆయనెత్తలేదు.

2024 సెప్టెంబరు 22, ఆదివారం

ప్రొద్దుటూరులో దిగినా. పొట్టి రన్నప్. వేగం ల్యా, ఇంక రాదు కూడా. కొత్త బంతి మాత్రం బయటికి పోతాంది. స్లిప్‌లో క్యాచ్ పట్టినారు, వికెట్టే! గట్టిగా అరిచినా, గొంతు పోయింది.

ఇప్పుడు భుజం మీద ఐసు. లోపల మండుతాంది. వచ్చే ఆదివారం కడపలో మ్యాచంట. వస్తానంటిని. డాక్టరు దగ్గరికి ముందు పోవాల్నా, ఆడినాకనా?