షామొనీలో ఎవరి గ్లాసు వారిదే

ఫ్రాన్సు దేశంలో, ఇటలీ, స్విట్జర్లాండు సరిహద్దుల దాపున, షామొనీ అనే చిన్న ఊరున్నది. ఆల్ప్స్ పర్వతాలన్నిటిలోకీ ఎత్తయిన మాంట్ బ్లాంక్ శిఖరం ఆ ఊరి నెత్తిమీదనే ఉంటుంది. 1786లో ఈ ప్రాంతం వారే ఇద్దరు, బల్మా, పక్కార్ అనేవారు, దాన్ని మొట్టమొదట ఎక్కారు. 1924లో మొదటి శీతకాలపు ఒలింపిక్ పోటీలు జరిగినది కూడా ఇక్కడే. కనుక ఒళ్లు హూనం చేసుకోవడానికి మనుషులు పనిగట్టుకుని రావడం ఈ ఊరికి కొత్త కాదు.

అలా వచ్చినవారిలో మా మేనల్లుడు ఒకడు. ఆగస్టు చివరి వారంలో వాడి వెంట నేనూ జెనీవాలో విమానం దిగి, బస్సులో షామొనీ చేరాను. ఏటా ఆ వారంలో యు. టి. ఎం. బి. అనే పరుగు పందెం జరుగుతుంది. మాంట్ బ్లాంక్ చుట్టూ, మూడు దేశాల మీదుగా, సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తంతా కలిపితే 10,000 మీటర్లు. అంటే అలిపిరి నుంచి తిరుమల కొండ పదిసార్లకు పైగా ఎక్కినట్టన్నమాట! నలభై ఆరున్నర గంటల్లో ముగించాలి. 2003లో మొదటిసారి ఏడువందల పైచిలుకు మంది బయలుదేరితే, గమ్యం చేరినవారు 67 మంది మాత్రమే.

మావాడు హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగి. కుర్చీలో కూర్చుని పెరిగిన పొట్టను కరిగించడానికి నడక మొదలుపెట్టి, నడక పరుగై, అర్హత పందేలు ముగించి, చీటీలో పేరు వచ్చేదాకా పట్టు వదలలేదు. 2022-23 నుంచి మన దేశంలో పెద్ద కంపెనీలు వెయ్యింటికి పర్యావరణ బాధ్యతల నివేదిక తప్పనిసరి అయింది గదా. వాళ్ల కంపెనీలో ఆ నివేదిక రాసేది వీడే. ప్రయాణం ఖర్చు కంపెనీదే. ఫొటో మాత్రం ఆ నివేదికలో వేస్తారట!

పరుగెత్తేవారు వెంట తీసుకుపోవలసిన సామానుకు పెద్ద జాబితా ఉన్నది: రెండు తలదీపాలు, వానకోటు, ఈల, వీటితోపాటు ఒక గ్లాసు. దారి పొడుగునా పానీయాలు ఇస్తారు గాని కాగితపు గ్లాసులివ్వరు. చెత్త పారేస్తే శిక్ష. మన తాతలు కాశీకి మరచెంబు పట్టుకుపోయిన పద్ధతే! ఐతే, 2023లో ఇదే పందేనికి ఒక కార్ల కంపెనీ ముఖ్య పోషకురాలైనప్పుడు, కాలినడక పండుగకు కార్లవాళ్లేమిటని కొందరు పరుగువీరులే అభ్యంతరం చెప్పారు. పందెం వల్ల కలిగే కాలుష్యంలో పెద్ద వాటా వచ్చేవారి ప్రయాణాలదే. గ్లాసు జేబులో ఉన్నా విమానం పైన ఉన్నది మరి.

పందేనికి ముందురోజు పళ్లచక్రాల రైలెక్కి మోంటెన్‌వేర్ వెళ్లాము. అక్కడున్న మంచునది పేరు మేర్ ద గ్లాస్. ఫ్రెంచిలో గ్లాస్ అంటే మంచు. వందేళ్ల కిందట స్టేషనుకు కాస్త దిగువనే ఉన్న మంచు ఇప్పుడు లోయ అడుగుకు పోయింది. అది దిగిపోయిన కొద్దీ మెట్లు చేరుస్తూ వచ్చారు, ఐదువందలు దాటాయి. ఫలానా యేట మంచు ఇక్కడిదాకా ఉండేదని దారిలో పలకలు తగిలించారు. నా ఉద్యోగపు రోజుల నాటి పలక దగ్గర నిలబడితే, మంచు పాదాల కింద ఎక్కడో అగాధంలో, బూడిద పూసుకుని కనబడింది.

"మామయ్యా, నా నివేదిక వంద పేజీలు. దీనికి ఒక్క అంకె చాలింది," అన్నాడు మావాడు.

శుక్రవారం సాయంత్రం బయలుదేరినవాడు ఆదివారం మధ్యాహ్నం కుంటుతూ వచ్చాడు. కడపటివారిక్కూడా ఊరంతా చప్పట్లే! నలభై ఐదు గంటలలో ఏమి నేర్చుకున్నావురా అంటే, "దూరాన్ని మాటలతో తగ్గించలేమని," అన్నాడు.

ఇంటికి వచ్చాక, ఉద్యోగుల విమాన ప్రయాణాలు, తన షామొనీ యాత్రతో సహా, నివేదికలో లెక్క చూపాలని పట్టుబట్టాడు. ఫొటో సంగతి తర్వాత చూద్దామన్నాడట. పైవారు ఆలోచిస్తున్నారు. ఒకడు తన పొట్ట కరిగించుకోవడం మంచిదే. ఆ పట్టుదల ఆఫీసు లెక్కల దాకా వస్తేనే ఆ కొండకు లాభం.

పాఠకులెవరైనా షామొనీ వెడితే, పందెం కన్నా ముందు ఆ పలకలు చూడండి. మరచెంబు మరిచిపోకండి.