మూరన్నర పట్టాల మీద రైలు

మీ అమ్మాయో అబ్బాయో ఇంగ్లండులో ఉంటే, చూడబోయినప్పుడు లండన్‌లో పెద్ద గడియారం, రాజుగారి మేడ ఎలాగూ చూపిస్తారు. ఈసారి రెండు రోజులు మిగుల్చుకుని వేల్స్‌లోని టవిన్ ఊరికి తీసుకెళ్లమనండి. బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. ఒక్క జాగ్రత్త! దారిలో మకన్‌లెత్ స్టేషన్లో రైలు రెండు ముక్కలై చెరో దారి పడుతుంది. టవిన్ వెళ్లే పెట్టెలేవో ముందే అడిగి కూర్చోండి. మేం అడక్క, సంచులు పట్టుకుని ప్లాట్‌ఫారమ్మంతా పరుగులు తీశాం.

టవిన్‌లో దిగి కాస్త నడిస్తే వార్ఫ్ స్టేషను. అక్కడి టాలిల్లిన్ రైలు పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 3 అంగుళాలే. అంటే మన మూరన్నర! ఇళ్లకప్పులకి వేసే పలకరాయిని కొండల్లోని గని నుంచి దించడానికి 1865లో మొదలైంది. గని 1946లో మూతపడింది. యజమాని సర్ హేడన్ జోన్స్ మాత్రం తను బతికున్నంతకాలం రైలు ఆపనన్నాడు, ఆపలేదు. 1950లో ఆయన పోయారు. ఇక పట్టాలు పాత ఇనుముకి పోవాల్సిందే అనుకునే వేళ, రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో సభపెట్టి, జీతాల్లేకుండా మేమే నడుపుతామన్నారు. 1951 మే 14న బండి కదిలింది. ఇలా ఔత్సాహికులు నిలబెట్టుకున్న రైళ్లలో ప్రపంచంలో ఇదే మొదటిది. ఇప్పటికీ చాలా పనులు వాళ్లవే. మా బండికి గార్డు ఓ తెల్లజుట్టు పెద్దావిడ. రిటైరైన టీచరమ్మట, సొంత ఖర్చులతో వచ్చి డ్యూటీ చేసి వెళుతుంది!

స్టేషన్లోనే చిన్న మ్యూజియం ఉంది. 1956లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఇచ్చిన బుల్లి ఇంజను చూడండి. పిల్లలకి ‘థామస్’ ఇంజను కథలు తెలుసుగా? అవి రాసిన ఆడ్రీగారి గదిని యథాతథంగా అమర్చారు. ఆయనా ఇక్కడ గార్డుగా పనిచేశారు. ఓసారి ఫలహారాలమ్మే ఆవిడ ఎక్కకుండానే బండి కదిలించేశారట. తర్వాత దాన్నే కథగా రాసేశారు!

బండెక్కితే తలుపులు ఒకవైపే ఉంటాయి. కట్టడంలో పొరపాటండీ. వంతెనల కింద చోటు చాలక, పట్టాల్ని ఓ పక్కకి జరిపి, రెండోవైపు తలుపులు మూసేశారు. డోల్‌గోఖ్ దగ్గర దిగి జలపాతం చూడటం మర్చిపోకండి. నేను తీసుకెళ్లిన పులిహోర అక్కడే తిన్నాం. స్వెట్టరు వేసుకోండి, ఎండ చూసి మోసపోవద్దు. చలికాలంలో బళ్లు తక్కువ, వేళలు కనుక్కునే బయల్దేరండి.

నాకీ రైలు మీద ఇంత మోజెందుకంటారా? మాది టెక్కలి వైపు. అమ్మ కాపురానికి వచ్చింది పర్లాకిమిడి నుంచి నౌపడ దాకా నడిచిన చిన్నరైల్లోనే. 1900లో రాజావారు వేయించిన లైను, దీనికంటే మూడంగుళాలే వెడల్పు. 2004లో ఆ చిన్నరైలు ఆగిపోయింది. 2011 నుంచి పెద్దలైను. ఊళ్లకి పెద్ద బళ్లు కావాల్సిందే, కాదనను. కానీ అమ్మ ఎక్కిన పెట్టెని నా మనవరాలికి ఎక్కడ చూపించను?

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి అంతా చెప్పాను. కంట్లో బొగ్గునలుసు పడిందా అని అడిగింది.

పడిందమ్మా, అన్నాను.