కాళ్ల కింద పరిచిన కథ

ఆదివాసీ చిత్రకారిణి బండుక్ మారికాది ఉత్తర ఆస్ట్రేలియాలోని యిర్కలా అనే ఊరు. ఉడుములు, పవిత్రమైన నీటిగుంట ఉన్న తమ వంశగాథను ఆమె లినోలియం మీద చెక్కి అచ్చు వేశారు. ఆ బొమ్మను ఎవరో అడగకుండా వియత్నాంలో తివాచీగా నేయించి అమ్మారు. తాతముత్తాతల కథను జనం తొక్కుకుంటూ తిరగడం! తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆమె, మరికొందరు కళాకారులు వేసిన కేసులో 1994లో ఫెడరల్ కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. సంస్కృతికి తగిలిన దెబ్బను కూడా నష్టపరిహారంలో లెక్కగట్టింది.

బట్ట మీదికి బొమ్మ రావడం తప్పని నేననను. ఉత్తర ఆస్ట్రేలియాలోనే ఉన్న తివీ దీవుల ఆదివాసులు 1960ల చివర్లో చెక్క అచ్చులతో మొదలుపెట్టి, తర్వాత సిల్క్ స్క్రీన్‌తో గుడ్డల మీద ముద్రించారు. అక్కడ సంప్రదాయ చిత్రాలకు చెక్క దువ్వెన పళ్లను రంగుమట్టిలో ముంచి అద్దుతారు, ఒక్క అద్దుకే వరసగా చుక్కలు పడతాయి. ఒంటికీ, సమాధి స్తంభాలకూ వేసే నమూనాల్లో ఏది గుడ్డకెక్కాలో తేల్చాల్సింది వాళ్లే.

ఇప్పుడు కశ్మీరు పనివాళ్లు కొక్కెం సూదితో, గొలుసుకుట్టుతో ఆస్ట్రేలియా ఆదివాసీ చిత్రాలను దిండు గలీబుల మీద కుడుతున్నారు, అనుమతితో, రాయల్టీతో. అలాంటి గలీబు చేతికొస్తే ముందుగా వెనకవైపు చీటీ చూస్తాను. గీసినవారి పేరు లేకపోతే కొనను.