చక్రములకు తాళము



ఊరికి బోవునపుడు వీధితలుపునకు, పెరటితలుపునకు, బీరువాకు తాళములు వేసి, తాళపుచెవుల గుత్తి కొంగున ముడివైచుకొనుట మన తల్లులనాటి నుండి వచ్చుచున్న యలవాటు. ఇంటి ముంగిట రాత్రియంతయు నిలిచియుండు కారు విషయమున మాత్రము, తలుపులు మూసి తాళము వేసితిమన్న తృప్తితో నిద్రించుచున్నాము. కాని తలుపు తాళము చక్రములను గాపాడదు. అవి బయటనే యున్నవి. వానిని బిగించియుంచు నట్లను విప్పుటకు ఏ పనిముట్ల దుకాణమునందైనను దొరకు పానా యొకటి చాలును.

పూర్వము కృష్ణాడెల్టాలో ఎడ్లబండి చక్రము జాఱిపోకుండ ఇరుసు చివర కడచీల యను ఇనుపచీలను గ్రుచ్చెడివారు. దానిని చేతితోనే లాగివేయవచ్చును. అయినను బండిచక్రము నెత్తుకొనిపోయిన దొంగ దాని నెక్కడ దాచును? ఏ చక్రమెవరిదో ఊరివారందఱును ఎఱుగుదురు. నేటి కారు చక్రములట్లు గావు. ఒక్క అచ్చున వేలకొలదిగా వచ్చును. ఒకదానికి మఱియొకదానికి భేదము కానరాదు. అందును అల్లాయ్ చక్రములు సామాన్యపు ఉక్కు చక్రములకంటె వెలగలవి, చూపునకును ఇంపైనవి. దొంగకు కావలసినది ఇంతకంటె నేమున్నది?

పటమటలో మా చెల్లెలి యింట నిట్లే జరిగినది. మచిలీపట్టణమున బంధువుల యింట పెండ్లి. తెల్లవారుజామున సామానుతో క్రిందికి దిగిన వారికి కారు ఒకవైపున ఇటుకలపై కూర్చుండి కనబడెను. రెండు చక్రములును లేవు. రాత్రి చప్పుడైనను ఎవరికిని వినబడలేదు. ముహూర్తము వేళకు బస్సులో నిలుచుండి పోవలసివచ్చెను. తరువాత క్రొత్త చక్రములు కొని, మా మఱదిగారు వానికి లాకింగ్ నట్లు వేయించిరి.

ఈ నట్ల కిటుకు చాల సులభమైనది. ఒక్కొక్క చక్రమునకు నాలుగో అయిదో నట్లుండును. కొన్ని కార్లకు నట్లకు మాఱుగా బోల్టులుండును. వానిలో ఒకదానిని దీసి, ఆ స్థానమున వేఱొకదానిని బిగింతురు. దాని తల అందఱి పానాకును పట్టు ఆఱు పలకలుగా నుండదు. పూఱేకులవలె వంకరచాళ్లు గలిగియుండును. ఆ చాళ్లలో సరిగా నిముడు చిన్న కీ సాకెట్టును తగిలించి, దానిపై పానా వేసిననే అది తిరుగును. నాలుగు చక్రములకు నాలుగు నట్లు, అన్నిటికిని కీ యొక్కటే. దొంగకు కావలసినది తీరిక. ఈ నట్టు ఆ తీరికను హరించును. పట్టుదలగల దొంగ తగిన పనిముట్లతో దీనినిగూడ నూడదీయవచ్చును గాని, అందులకు సమయము పట్టును, చప్పుడగును.

ఇక నసలు సంగతి వినుడు. కొన్ని మాసములకు మా చెల్లెలు అత్తగారిని వెంటబెట్టుకొని కరకట్టమీదుగా అవనిగడ్డకు బోవుచుండ, తోట్లవల్లూరు దాటిన తరువాత చక్రమునకు పంక్చరు పడెను. మా చెల్లెలికి చక్రము మార్చుట చేతనగును. జాకీ యున్నది, పానా యున్నది, స్టెప్నీ యున్నది. నాలుగు నట్లు విప్పినది. అయిదవది కదలలేదు. దాని కీ యింటి బీరువాలో భద్రముగా నున్నది. బీరువా తాళపుచెవి హైదరాబాదునకు వెళ్లిన మఱదిగారి సంచిలో నున్నది! పొలమునుండి వచ్చిన రైతులు చేయగలిగిన సాయమెల్ల చేసిరి. వృద్ధురాలగు అత్తగారు మధ్యాహ్నపు టెండలో చెట్టునీడను కూర్చుండి మాత్ర వేసికొను వేళ దాటబెట్టుకొనెను. దొంగకని వేసిన తాళము ఇంటివారికే పడినది. మఱదిగారి జాగ్రత్తకు వంక పెట్టరాదు. ఆ జాగ్రత్త ఒక్కరియొద్దనే దాగియుండుటయే లోపము.

కావున సోదరీమణులారా, ఇట్టి నట్లు వేయించిన దినముననే కీని మీ చేతులార పట్టి చూడుడు. కారులోనే, పైకి కానరాని చోట, దానిని నడపువారందఱు ఎఱిగిన తావున నుంచుడు. కీతో వచ్చు సంకేతసంఖ్యను ఇంటి పద్దుల పుస్తకములో వ్రాసికొనుడు. కీ పోయినచో మఱియొకటి తెప్పించుకొనుటకు అదియే యాధారము. మెకానిక్కు ఎయిర్ గన్నుతో ఆ నట్టును బిగింపబోయిన వారింపుడు. చాళ్లు చెడినచో కీ పట్టదు. పని ముగిసిన పిమ్మట కీని తిరిగి తీసికొనుట మఱవకుడు. చక్రముల లోపలివైపున కారు నంబరును చెక్కించుడు. రాత్రి దీపపు వెలుగున, గోడకు దగ్గఱగా కారు నిలుపుడు.

మఱియొక మాట. కొనువాడు లేనిదే దొంగ లేడు. విజయవాడకు మోటారు విడిభాగముల వ్యాపారమున పేరు తెచ్చిన జవహర్ ఆటోనగర్ మనకు చేరువనే యున్నది. రసీదుతో నిజాయితీగా అమ్మువారు అనేకులు గలరు. ఎవరో సగము వెలకు తెచ్చి యిచ్చు చక్రము నాశింపనేల? 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనము 303వ సెక్షను క్రిందను, దొంగసొత్తని యెఱిగి పుచ్చుకొనుట 317వ సెక్షను క్రిందను నేరములు. రెంటికిని మూడేండ్లవఱకు ఖైదు కలదు. చౌకగా వచ్చిన చక్రము వెనుక, పెండ్లికి బోవలసి యిటుకలపైనున్న కారును జూచి నిలిచిపోయిన యొక కుటుంబ ముండును.

ఇంటి తాళపుచెవులు మన కొంగున నుండగా, ఈ చిన్న కీ మాత్రము మన కెఱుక లేకుండ నుండనేల?