విమానపు తపాలా కవరు

బాల్యమున మా తాతగారి పెట్టెలో, లండనునుండి కంభమునకు వచ్చిన పాత కవరొకటి నాకు దొరికెను. దాని వెనుక కరాచీ ముద్ర యుండెను. నేను తపాలా బిళ్లను మాత్రము కత్తిరించుకొని, కవరును పొయ్యిలో వైచితిని. తాతగారు కోపింపలేదు. “నాయనా, బిళ్ల మిగిలినది గాని అది వచ్చిన త్రోవ కాలిపోయినది” అనిరి.

ఆ మాట పెద్దవాడనైన పిదప బోధపడినది. 1924లో వెలసిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ 1929నుండి లండను తపాలాను కరాచీకి తెచ్చుచుండెను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా అచ్చటినుండి దానిని బొంబాయికి చేర్చగా, నెవిల్ విన్‌సెంట్ బళ్లారిమీదుగా మద్రాసునకు గొనిపోయెను. పదునాఱేండ్లకే, 1940లో, ఆ ఆంగ్ల సంస్థ బి.ఓ.ఏ.సి.లో లీనమయ్యెను. దాని ప్రయాణములకు కవరులపై ముద్రలును నేడు సాక్ష్యములు.

ఇప్పుడు నాయొద్ద అట్టి కవరులు పండ్రెండు గలవు. కంభము పేరున్నది ఒక్కటియు లేదు. బాలలారా! బిళ్ల నూడదీయుటకు ముందు కవరును ఇరువైపుల చదువుడు.