సున్నా స్థానంలో ఇంటిపేరు

పెళ్లయిన నాలుగేళ్లకి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటూ మా చెల్లి సీ లాంగ్వేజ్ నేర్చుకుంటోంది. కమాండ్ లైన్‌లో ఇచ్చిన మాటల్ని వరసగా ప్రింట్ చేసే ఎక్సర్‌సైజ్ ఇచ్చాను. తన పేరే టైప్ చేసింది. మధ్యలో ఖాళీలున్నాయిగా, షెల్ దాన్ని మూడు ముక్కలు చేసింది. కొటేషన్ మార్కుల్లో పెడితే ఒక్కటైంది.

“ఆన్‌లైన్ అప్లికేషన్లకీ ఈ సదుపాయం ఉంటే బావుణ్ణు అన్నయ్యా” అంది. సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. రెండూ కలవక ఒక ఉద్యోగం ఆగిపోయింది.

తన పేరుకన్నా ముందు ప్రోగ్రామ్ పేరు కూడా ప్రింటైంది. ఆర్గ్‌వీ అనే ఆ అరేలో సున్నా స్థానం మామూలుగా దానిదే, మనకి ఇంటిపేరు ముందొచ్చినట్టు. జావాలో అయితే సున్నాలోనే మనమిచ్చిన మొదటి మాట ఉంటుంది. (నాకు సీ పద్ధతే ఇష్టం.)

“లూప్ ఒకటి నుంచి మొదలుపెట్టు” అన్నాను.

“అంటే ఇంటిపేరు వదిలెయ్యమంటావు” అంది, సున్నాని ఒకటి చేస్తూ.